వాయిస్ మెయిల్ మారుస్తున్నాం: మెసేజ్ ఎక్కడ ఉండాలి?

తీగలదారి · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా సంస్థలో వాయిస్ మెయిల్ మార్చే పని నాకు అప్పగించారు. సుమారు 300 ఎక్స్‌టెన్షన్లు, మూడు ఆఫీసులు. సగం మంది వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే వ్యవస్థ) ఇప్పటికే సిప్‌కి (డేటా నెట్‌వర్క్ మీద కాల్స్ కలిపే పద్ధతి) మారిపోయింది. వాయిస్ మెయిల్ మాత్రం ఇంకా దాని పక్కనున్న పాత పెట్టెలోనే ఉంది. 8 పోర్టులు, అంటే ఒకేసారి 8 కాల్స్. హార్డ్ డిస్కు మోత మొదలైంది, విడిభాగాలు దొరకడం లేదు.

పైనుంచి వచ్చిన ఆదేశం ఒకే ఒక్క వాక్యం: "వాయిస్ మెయిల్, ఫ్యాక్స్ అన్నీ ఈమెయిల్లోకి వచ్చేయాలి."

నేను నెట్‌వర్క్ వైపు మనిషిని, టెలిఫోనీ నాకు కొత్త. పోర్టులు ఎన్ని కావాలి, డిస్కు ఎంత కావాలి, ఆస్టరిస్క్ లాంటి ఉచిత ఫోన్ సాఫ్ట్‌వేర్ మనమే పెట్టుకోవాలా లేక క్లౌడ్‌కి వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

పాతపీబీఎక్స్ · సోమవారం, ఉదయం 11:40

పోర్టులు, డిస్కు తరవాత చూద్దాం, అవి లెక్కలు. ఎవరైనా వేసిపెడతారు. మీరు ముందు తేల్చాల్సింది వేరే ఉంది. ఎవరో ఒక మెసేజ్ వదిలారు. ఆ మెసేజ్ ఎక్కడ ఉంటుంది? ఒక చోటా, రెండు చోట్లా?

"ఈమెయిల్లోకి రావాలి" అనే మాటకి మూడు అర్థాలున్నాయి, మూడూ వేరువేరు వ్యవస్థలు.

మొదటిది, వాయిస్ మెయిల్ సర్వర్లో అసలు ఉంటుంది, దాని నకలు ఈమెయిల్‌కి అటాచ్‌మెంట్‌గా వెళ్తుంది. చవక, సులువు. కానీ ఆ క్షణం నుంచి రెండు ప్రతులు, ఒకదానికొకటి సంబంధం లేదు. మెయిల్లో విని చెరిపేసినా, కొత్త మెసేజ్ ఉందని చెప్పే లైటు ఫోన్ మీద వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రం ఫోన్‌లో మళ్లీ అవే మెసేజ్‌లు వినాలి.

రెండోది, మెసేజ్ మెయిల్ సర్వర్లో మాత్రమే ఉంటుంది. ఫోన్ నుంచి వినేటప్పుడు కూడా వాయిస్ మెయిల్ సర్వర్ మెయిల్‌బాక్స్‌లోకి వెళ్లి అక్కడి నుంచే తెచ్చి వినిపిస్తుంది. ఉండేది ఒక్క ప్రతే. అసలు యూనిఫైడ్ మెసేజింగ్ (అన్ని రకాల మెసేజ్‌లూ ఒకే మెయిల్‌బాక్స్‌లో) అంటే ఇదే.

మూడోది, రెండు చోట్లా ఉంటుంది కానీ రెండిటినీ ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచుతారు. సిస్కో యూనిటీ కనెక్షన్‌లో సింగిల్ ఇన్‌బాక్స్ అనే పద్ధతి ఇలాంటిదే. మెయిల్లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, లైటూ ఆరుతుంది.

మీ పైవాళ్లు అడిగింది ఏదో వాళ్లకి కూడా తెలిసి ఉండదు. వాళ్లని పద్ధతి పేరు అడగకండి. "మెయిల్లో మెసేజ్ విన్న మనిషి డెస్కు దగ్గరకి వచ్చేసరికి ఫోన్ మీద లైటు ఎలా ఉండాలి?" అని అడగండి. ఆ జవాబులోనే మీ డిజైన్ ఉంది.

మెయిల్‌గూడు · సోమవారం, మధ్యాహ్నం 12:25

నేను మెయిల్ సర్వర్లు చూసుకునే మనిషిని. పాతపీబీఎక్స్ గారి మాట ఒప్పుకుంటూనే మా వైపు కష్టం కూడా చెప్తాను.

ప్రతి మెసేజూ మెయిల్లోనే ఉంటే మెయిల్‌కి పెట్టిన నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి. మెయిల్‌బాక్స్ నిండిన మనిషికి వాయిస్ మెయిల్ కూడా ఆగిపోతుంది. ఏళ్ల తరబడి మెయిల్ దాచే ఆర్కైవ్ ఉంటే అందులో మనుషుల గొంతులు కూడా ఏళ్ల తరబడి నిలవుంటాయి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ లాంటి చట్టాల కింద రికార్డయిన గొంతు వ్యక్తిగత సమాచారమే. పాత పెట్టెలో 30 రోజులకి తనంతట తానే చెరిగిపోయేది, అది ఒకరకంగా మేలే చేసింది. ఇప్పుడు ఆ గడువు ఎవరో కూర్చుని రాయాలి. వ్యాజ్యాల విషయం చూసే వాళ్లని మొదటి సమావేశానికే పిలవండి.

ఇంకోటి. మెయిల్ సర్వర్ ఆగినప్పుడు కాల్ చేసిన మనిషికి ఏం వినిపిస్తుంది? రెండో పద్ధతిలో దీనికి జవాబు ముందే రాసుకోవాలి. మెసేజ్‌ని తాత్కాలికంగా తన దగ్గర ఉంచుకుని మెయిల్ లేచాక పంపే వ్యవస్థే తీసుకోండి. అది చేయలేనిదాన్ని కొనొద్దు.

మొదటి పద్ధతికే వెళ్తే పంపే సర్వర్ చిరునామాని ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చండి, డీకిమ్ సంతకం పెట్టించండి. మెయిల్ నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందని చూపేవి ఇవే. వాయిస్ మెయిల్స్ అన్నీ స్పామ్ ఫోల్డర్లో పడి, రెండు వారాలపాటు ఎవరికీ తెలియని చోట్లు చూశాను.

తీగలదారి · సోమవారం, సాయంత్రం 4:05

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ లైటు ప్రశ్న మా మేనేజర్‌ని అడిగాను. ఒక నిమిషం ఆలోచించి "ఆరిపోవాలి కదా" అన్నారు. అంటే మొదటి పద్ధతి పోయినట్టే.

ఆ లైటు అసలు ఎలా వెలుగుతుంది, ఎలా ఆరుతుంది? అది ఫోన్ తనంతట తాను చేసే పని అనుకునేవాణ్ని.

పాతపీబీఎక్స్ · సోమవారం, సాయంత్రం 5:30

ఫోన్‌కి ఏమీ తెలియదు, చెప్పించుకుంటుంది. సిప్‌లో అయితే సర్వర్ ఫోన్‌కి నోటిఫై అనే సందేశం పంపుతుంది. అందులో మెసేజ్‌లు ఉన్నాయా లేవా, కొత్తవి ఎన్ని, పాతవి ఎన్ని, వాటిలో అర్జెంటువి ఎన్ని అని నాలుగు ముక్కలు ఉంటాయి. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3842 (ఇంటర్నెట్ పద్ధతులని వివరించే పత్రాల్లో ఒకటి) దీని గురించే. పాత అనలాగ్ ఫోన్లలో చాలావాటికి లైటు ఉండదు కాబట్టి రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ తెగితెగి వినిపిస్తుంది. మీ దగ్గర అలాంటి ఫోన్లు ఇంకా ఉంటే, ఆ తెగే శబ్దం ఎందుకొస్తుందో వాళ్లకి చెప్పండి. ఫోన్ పాడైందని ఫిర్యాదు చేస్తారు.

చిక్కు ఎక్కడంటే, మెసేజ్‌ని మెయిల్లో చెరిపినప్పుడు ఆ సంగతి వాయిస్ మెయిల్ సర్వర్‌కి తెలియాలి కదా. ఆస్టరిస్క్‌లో మెసేజ్‌లని ఐమాప్ (మెయిల్‌ని సర్వర్లోనే ఉంచి చూసే పద్ధతి) మెయిల్‌బాక్స్‌లో పెట్టుకునే వీలుంది. కానీ బయటి నుంచి మార్పు జరిగితే అది గమనించడానికి వాయిస్ మెయిల్ కాన్ఫిగరేషన్‌లో పోల్‌మెయిల్‌బాక్సెస్ అనే లైనుకి యెస్ అని రాయాలి. అది రాయకపోతే లైటు ఆరదు. రాస్తే విడవకుండా ఎన్ని సెకన్లకోసారి చూడాలో కూడా చెప్పొచ్చు, మామూలుగా 30. 300 మెయిల్‌బాక్సులని 30 సెకన్లకోసారి తట్టిచూస్తే మెయిల్ సర్వర్ మీద ఎంత బరువో మెయిల్‌గూడు గారిని అడిగి చూడండి.

మెయిల్‌గూడు · సోమవారం, సాయంత్రం 6:10

మోయగలదు, కానీ ముందే నాకు చెప్పి చేయండి. చెప్పకుండా మొదలుపెడితే ఎవరో దాడి చేస్తున్నారనుకుని ఆ చిరునామాని ఆపేస్తాం.

రాత్రిపాళి · మంగళవారం, ఉదయం 7:50

రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికింది, పోర్టుల లెక్క వేసి పెడుతున్నా.

పీబీఎక్స్ కాల్ రికార్డులు ఒక నెలవి తీయండి. వాయిస్ మెయిల్‌కి వెళ్లిన కాల్స్, వాయిస్ మెయిల్ వినడానికి చేసిన కాల్స్ రెండూ కలిపి, రోజులో అత్యంత రద్దీగా ఉన్న గంట ఏదో పట్టుకోండి. ఉదాహరణకి ఆ గంటలో 200 కాల్స్, ఒక్కోటి సగటున 90 సెకన్లు అనుకుందాం. మొత్తం 18,000 సెకన్లు. గంటకి 3,600 సెకన్లు కాబట్టి భాగిస్తే 5. దీన్ని 5 ఎర్లాంగ్‌లు అంటారు. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త 1917లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మనకి ఇదే పని చేసిపెడుతోంది.

ఆ సూత్రంలో 5 ఎర్లాంగ్‌లు వేసి, 100 కాల్స్‌లో ఒకటికి మించి ఎంగేజ్ రాకూడదు అంటే 11 పోర్టులు కావాలి. మీ దగ్గరున్న 8తో అయితే అదే రద్దీకి 100లో 7 కాల్స్‌కి ఎంగేజ్ వస్తుంది. వాయిస్ మెయిల్ దగ్గర కూడా ఎంగేజ్ వస్తే ఆ మనిషి ఇక పోయినట్టే, మళ్లీ చేయడు.

రద్దీ రెట్టింపై 10 ఎర్లాంగ్‌లు అయితే పోర్టులు 22 అక్కర్లేదు, 18 చాలు. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఒక్కో పోర్టు ఎక్కువ పనిచేస్తుంది. మూడు ఆఫీసులకి మూడు చిన్న సర్వర్లు పెట్టడం కంటే ఒకచోట పెట్టడం మేలనడానికి ఇదో కారణం. కాకపోతే మధ్యలో లింకు తెగితే ఏంటన్నది చూసుకోవాలి.

మీరు మెయిల్లో వినడానికి మారుతున్నారు కాబట్టి వినే కాల్స్ తగ్గుతాయి. అలాగని పోర్టులు ముందే కోసేయకండి. "సేల్స్‌కి 1, సర్వీసుకి 2" అని చెప్పే ఆటో అటెండెంట్ కూడా అదే సర్వర్ మీద ఉంటే అదీ పోర్టులు తింటుంది.

డిస్కు సంగతి. జీ.711 కోడెక్‌లో (గొంతుని డేటాగా మార్చే పద్ధతుల్లో ఒకటి) సెకనుకి 8,000 బైట్లు, అంటే నిమిషానికి 480 కిలోబైట్లు. 300 మందికి రోజుకి నాలుగేసి మెసేజ్‌లు, ఒక్కోటి 45 సెకన్లు అయితే 54,000 సెకన్లు, రోజుకి 432 మెగాబైట్లు. 30 రోజులు దాస్తే 13 గిగాబైట్లు. ఈ కాలంలో ఇది లెక్కలోకి రాదు. కానీ మెయిల్‌కి అటాచ్ చేసేటప్పుడు బేస్64 (ఫైలుని అక్షరాలుగా మార్చి పంపే పద్ధతి) వల్ల మూడో వంతు పెరుగుతుంది, అదే 432 కాస్తా 576 అవుతుంది. జీఎస్‌ఎమ్ కోడెక్ వాడితే ఐదో వంతుకి దిగుతుంది గానీ గొంతు పీలగా వస్తుంది. మాటల్ని అక్షరాల్లోకి మార్చే సదుపాయం పెట్టుకునే ఆలోచన ఉంటే కుదించిన ఆడియో జోలికి పోవద్దు.

రిసెప్షన్_టేబుల్ · మంగళవారం, ఉదయం 9:15

నాకు సర్వర్లు తెలియవు. పన్నెండేళ్లుగా ముందు టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. ఈ చర్చలో నా లాంటి వాళ్ల మాట కూడా ఉంటే మంచిదనిపించి రాస్తున్నాను.

మెసేజ్ మధ్యలో సున్నా నొక్కితే మనిషి దగ్గరికి రావాలి. ప్రతి మెయిల్‌బాక్స్‌లో. అది పనిచేయని చోట జనం కోపంతో కట్ చేసి మళ్లీ మెయిన్ నంబర్‌కే చేస్తారు, ఆ కోపం నా మీద పడుతుంది.

గ్రీటింగ్ పొట్టిగా ఉండాలి. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ముప్పై సెకన్లు వినేసరికి చెప్పదలుచుకున్నది మరిచిపోతారు. పేరు, ఎప్పటికి తిరిగి ఫోన్ చేస్తారు, తొందరైతే ఏం నొక్కాలి. అంతే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉమ్మడి మెయిల్‌బాక్స్. మా దగ్గర ఆఫీసు వేళ దాటాక వచ్చే కాల్స్ అన్నీ ఒక జనరల్ మెయిల్‌బాక్స్‌లోకి పోతాయి. అది అందరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. ఒకసారి సెలవు నుంచి తిరిగొచ్చి చూస్తే మూడు వారాల మెసేజ్‌లు ఎవరూ వినకుండా ఉన్నాయి. అందులో ఒక పెద్దావిడ నాలుగుసార్లు చేశారు. నాలుగోసారి ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, నీరసం ఉంది. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

తీగలదారి గారూ, మీ 300 మెయిల్‌బాక్సుల జాబితాలో ఇలాంటి ఉమ్మడివి ఎన్నున్నాయో చూడండి. ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఆ మనిషి లేనప్పుడు రెండో మనిషి పేరు రాయించండి. పేరు లేని మెయిల్‌బాక్స్ పెట్టొద్దు.

తీగలదారి · మంగళవారం, ఉదయం 11:30

రిసెప్షన్_టేబుల్ గారూ, మీ పోస్టు ప్రింటు తీసి సమావేశానికి పట్టుకెళ్లాను. లెక్క చూస్తే మా దగ్గర అలాంటివి 14 ఉన్నాయి. పేర్లు ఉన్నవి 3.

కప్పతాళం · మంగళవారం, రాత్రి 9:20

భద్రత గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

పిన్ కనీసం 6 అంకెలు. ఎక్స్‌టెన్షన్ నంబరే పిన్‌గా ఉండకూడదు, 123456 ఉండకూడదు. మొదటిసారి లోపలికి వెళ్లగానే మార్చి తీరాలి. కొన్నిసార్లు తప్పు కొడితే తాళం పడాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక 2011లో మూతపడింది వాయిస్ మెయిల్స్ దొంగతనంగా విన్న వ్యవహారంలోనే. ఎవరూ మార్చని పిన్‌లే అక్కడ చాలావరకు దారి ఇచ్చాయి. కాలర్ ఐడీ సొంత నంబరులా కనిపిస్తే పిన్ అడగకుండా లోపలికి పంపే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. కాలర్ ఐడీని మార్చి చూపించడం ఏమంత కష్టం కాదు.

రెండోది డబ్బు పోయే దారి. వాయిస్ మెయిల్లోంచే మెసేజ్ వదిలిన నంబర్‌కి తిరిగి కాల్ చేయడం, లోపలి నుంచి ఇంకో నంబర్‌కి మళ్లించడం లాంటివి ఉంటాయి. ఒక్క బలహీనమైన పిన్ దొరికితే చాలు, రాత్రికి రాత్రి మీ లైన్ల మీద విదేశీ కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీకు వస్తుంది. వాయిస్ మెయిల్ సర్వర్‌ని లోపలి ఎక్స్‌టెన్షన్లకి మాత్రమే కాల్ చేయనివ్వండి. ఆ నిషేధం సర్వర్లో ఒక్కచోట పెడితే చాలదు, పీబీఎక్స్‌లో కూడా పెట్టండి.

మూడోది ఈమెయిల్ వల్ల వచ్చేది. "మీకు కొత్త వాయిస్ మెయిల్ వచ్చింది, అటాచ్‌మెంట్ తెరవండి" అనే మెయిల్ మోసగాళ్లు బాగా వాడే ఎర. మీరు ఇప్పుడు 300 మందికి అచ్చం అలాంటి మెయిల్ తెరవడమే అలవాటు చేయబోతున్నారు. అసలు మెయిల్ ఎలా ఉంటుంది, ఏ చిరునామా నుంచి వస్తుంది, అందులో ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగదు అన్నది మొదటి రోజే చూపించండి. బయటి నుంచి మీ వాయిస్ మెయిల్ చిరునామా పేరుతో వచ్చే మెయిల్‌ని గేటు దగ్గరే ఆపేయమని మెయిల్ చూసేవాళ్లకి చెప్పండి.

తీగలదారి · బుధవారం, ఉదయం 10:45

క్లౌడా, సొంతమా అన్న ప్రశ్న మిగిలింది. మా మెయిల్ ఎలాగూ క్లౌడ్‌లోనే ఉంది. ఒక సలహాదారు వచ్చి మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్లోనే యూనిఫైడ్ మెసేజింగ్ ఉంది, పీబీఎక్స్‌ని దానికి కలిపేస్తే చాలని చెప్పి వెళ్లారు.

మెయిల్‌గూడు · బుధవారం, ఉదయం 11:20

ఆయన పాత సమాచారం చెప్పారు. ఎక్స్ఛేంజ్ 2007తో వచ్చిన ఆ భాగాన్ని ఎక్స్ఛేంజ్ 2019లో తీసేశారు. క్లౌడ్ వైపు ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో కూడా 2020 ఫిబ్రవరితో ఆపేసి, దాని స్థానంలో క్లౌడ్ వాయిస్ మెయిల్ అనేది పెట్టారు. అది టీమ్స్ ఫోన్లు వాడేవాళ్ల కోసం. వేరే పీబీఎక్స్‌ని నేరుగా దానికి తగిలించే పాత దారి ఇప్పుడు లేదు.

దీన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి నడిపిన చోట్ల, ఆపేస్తున్నారని తెలిసినప్పుడు పడ్డ హడావిడి నేను దగ్గరుండి చూశాను. అందుకే క్లౌడ్ అయినా సొంతమైనా నేను అడిగేది ఒకటే: మెసేజ్‌లు, గ్రీటింగ్‌లు మామూలు ఆడియో ఫైళ్లుగా బయటికి తీసుకోగలమా? కాదంటే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టను.

పాతపీబీఎక్స్ · బుధవారం, మధ్యాహ్నం 2:00

నా ఓటు సొంతంగా పెట్టుకోవడానికే, మీ దగ్గర దాన్ని రోజూ చూసే మనిషి ఉంటే. 300 మందికి ఆస్టరిస్క్ గానీ ఫ్రీస్విచ్ గానీ బ్రహ్మాండంగా సరిపోతాయి. ఆ మనిషి లేకపోతే క్లౌడే. సగం చూసే సొంత సర్వర్ కంటే పూర్తిగా ఎవరో చూసే సర్వర్ నయం.

ఏది ఎంచుకున్నా ముందు 20 మందితో మూడు వారాలు నడపండి. ఆ 20 మంది అందరూ కంప్యూటర్ విభాగం వాళ్లే ఉండకూడదు. ఇంటి నుంచి చేసేవాళ్లు, ఒక రిసెప్షన్, ఒక ఉమ్మడి మెయిల్‌బాక్స్, సెక్రటరీ ఉన్న ఒక పెద్ద అధికారి తప్పకుండా ఉండాలి.

తీగలదారి · మూడు వారాల తరవాత, శుక్రవారం, సాయంత్రం 6:40

తిరిగొచ్చాను. ఆస్టరిస్క్ మీద, ఐమాప్ పద్ధతిలో 20 మందికి పెట్టాం. లైటు వెలుగుతోంది, మెయిల్లో వింటే అర నిమిషంలో ఆరుతోంది. మొదటిసారి అలా ఆరినప్పుడు నేనూ మా మేనేజరూ ఫోన్ ముందు నిలబడి చూశాం.

కానీ మూడు సమస్యలు వచ్చాయి.

ఒకటి, పెద్ద అధికారికి వచ్చిన కాల్స్ ఆయన ఎత్తకపోతే సెక్రటరీకి వెళ్తాయి. ఆవిడ కూడా ఎత్తకపోతే మెసేజ్ ఆవిడ మెయిల్‌బాక్స్‌లో పడుతోంది. ఆయన మెసేజ్‌లు ఆయనకే రావాలంటారు.

రెండు, కాల్ ఆఫీసు ఫోన్‌తో పాటు మొబైల్‌కి కూడా మోగేలా పెట్టుకున్నవాళ్ల మెసేజ్‌లు ఒక్కటీ మా సర్వర్‌కి రావడం లేదు.

మూడు, రెండో ఆఫీసు నుంచి ఫోన్ చేసి పిన్ కొడితే "తప్పు పిన్" అంటోంది. అదే పిన్ ఇక్కడ పనిచేస్తోంది.

పాతపీబీఎక్స్ · శుక్రవారం, రాత్రి 8:15

మూడూ అందరికీ వచ్చేవే, కంగారు పడకండి.

మొదటిది. కాల్ మళ్లినప్పుడు పీబీఎక్స్ ఆ కాల్‌తో పాటు "ఇది మొదట ఎవరికి వచ్చింది, ఎవరి దగ్గర నుంచి మళ్లింది" అని ఒక హెడర్ పంపుతుంది. కొన్ని పీబీఎక్స్‌లు డైవర్షన్ అనే హెడర్ వాడతాయి, అది ఆర్‌ఎఫ్‌సీ 5806లో ఉంది. కొన్ని హిస్టరీ ఇన్ఫో వాడతాయి, అది 7044లో ఉంది. రెండుసార్లు మళ్లిన కాల్‌కి రెండు పేర్లుంటాయి: అధికారిది, సెక్రటరీది. మీ డయల్ ప్లాన్ (కాల్ ఎటు వెళ్లాలో చెప్పే నియమాలు) చివరి పేరు చూస్తోంది. మొదటి పేరు చూడాలి. డైవర్షన్‌లో కొత్తది పైన చేరుతుంది కాబట్టి మొదటి మనిషి అన్నిటికంటే కింద ఉంటాడు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒక కాల్ చేసి సిప్ ట్రేస్ (ఆ కాల్‌లో నడిచిన సందేశాల నమోదు) తీసి కళ్లతో చూశాకే మార్చండి.

అయితే అందరికీ మొదటి పేరే సరి అనుకోకండి. హెల్ప్‌డెస్క్‌లో ఒకరి నుంచి ఒకరికి మళ్లే కాల్స్‌కి చివరికి ఉమ్మడి మెయిల్‌బాక్సే సరైనది. దీన్ని విభాగం విభాగానికి అడిగి రాసుకోవాలి. సీరియల్ కేబుల్ మీద ఎస్‌ఎమ్‌డీఐ అనే పాత పద్ధతితో ఇదే సమాచారం పంపుకున్న రోజుల నుంచి ఈ గొడవ ఉంది. పరికరాలు మారాయి, ప్రశ్న మారలేదు.

రెండోది. మొబైల్ కంపెనీ వాయిస్ మెయిల్ మీ కంటే ముందు ఎత్తేస్తోంది. ఎవరో ఎత్తారు కాబట్టి మీ పీబీఎక్స్ తన పని అయిపోయిందనుకుంటుంది. మొబైల్‌లో ఎత్తినవాళ్లని "కాల్ తీసుకోవాలంటే 1 నొక్కండి" అని అడిగించండి. మెషీన్ 1 నొక్కలేదు, కాల్ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. మోగే సమయం తగ్గించడం కూడా ఒక దారే, కానీ మొబైల్ ఆఫ్‌లో ఉంటే వాళ్ల వాయిస్ మెయిల్ వెంటనే ఎత్తేస్తుంది, అప్పుడది పనిచేయదు.

మూడోది రాత్రిపాళి గారికి వదిలేస్తా.

రాత్రిపాళి · శనివారం, ఉదయం 6:30

రెండో ఆఫీసుకి వెళ్లే లింకు మీద జీ.729 లాంటి కుదించే కోడెక్ పెట్టి ఉంటారు. అంకె నొక్కినప్పుడు వచ్చే టోన్ ఆడియోలోనే కలిసి వెళ్తుంటే, కోడెక్ ఆ టోన్‌ని పాడుచేస్తుంది. అది మనిషి గొంతు కోసం తయారైంది మరి. రెండు వైపులా ఆ టోన్లని, అంటే డీటీఎంఎఫ్‌ని, ఆర్‌ఎఫ్‌సీ 4733 పద్ధతికి మార్చండి. అప్పుడు అంకెలు శబ్దంగా కాకుండా విడి ప్యాకెట్లుగా వెళ్తాయి. చాలా పరికరాల మెనూలో దీని పాత నంబరు 2833 అనే కనిపిస్తుంది, రెండూ ఒకటే అనుకోండి.

తీగలదారి · సోమవారం, మధ్యాహ్నం 3:10

మూడూ సర్దుకున్నాయి. లింకు మీద సరిగ్గా జీ.729 ఉంది.

ఇంకో రెండు చిన్నవి. మాటల్ని అక్షరాలుగా మార్చడం ప్రయత్నించాం, కొందరికి బాగా నచ్చింది. ఫ్యాక్స్ సంగతి ఏం చేద్దాం?

మెయిల్‌గూడు · సోమవారం, మధ్యాహ్నం 3:45

అక్షరాల విషయంలో ఒక్క జాగ్రత్త. అది సారాంశం తెలుసుకోవడానికి పనికొస్తుంది, నంబర్లకీ పేర్లకీ కాదు. ఫోన్ నంబర్‌లో ఒక్క అంకె తప్పుపడితే తిరిగి కాల్ వేరే ఇంటికి పోతుంది. రెండు భాషలు కలిపి మాట్లాడేవాళ్ల మాటలైతే ఇంకా చెదిరిపోతాయి. ఆడియో తీసేసి అక్షరాలు మాత్రమే పంపే పద్ధతి ఎప్పుడూ పెట్టొద్దు. మార్చే పని బయటి సర్వీసు చేస్తుంటే గొంతు బయటికి వెళ్తున్నట్టే, అది కప్పతాళం గారికి చూపించండి.

కప్పతాళం · సోమవారం, సాయంత్రం 4:00

చూపించండి. ఆడియో అక్కడ ఎన్ని రోజులు ఉంటుంది, దేనికి వాడతారు అన్నది రాతపూర్వకంగా కావాలి.

పాతపీబీఎక్స్ · సోమవారం, సాయంత్రం 4:30

ఫ్యాక్స్‌ని సిప్ మీద పంపాలంటే టీ.38 అనే ఫ్యాక్స్ పద్ధతి అన్ని చోట్లా ఉండాలి, మధ్యలో ఒక్క పరికరం ఒప్పుకోకపోయినా పేజీలు సగంలో ఆగుతాయి. నెలలో ఎన్ని ఫ్యాక్స్‌లు వస్తున్నాయో ముందు లెక్కపెట్టండి. కొద్దిగా వస్తుంటే ఒక్క నంబర్ ఉంచి, ఫ్యాక్స్‌ని మెయిల్‌గా మార్చి ఇచ్చే సర్వీసుకి అప్పగించి, దీని నుంచి విడదీసేయండి. దీని కోసం మొత్తం ప్రాజెక్టు ఆపొద్దు.

300 మందినీ మార్చే రోజుకి ఇవి పెట్టుకోండి. ఫోన్ ఎంగేజ్, ఎత్తకపోవడం, ఫోన్ ఆఫ్‌లో ఉండటం, డిస్టర్బ్ చేయొద్దు బటన్, రిసెప్షన్ నుంచి నేరుగా మెయిల్‌బాక్స్‌కి పంపడం. ఈ ఐదూ లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి, మొబైల్ నుంచి ఒకసారి చేసి చూడాలి. ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పటి పరీక్షని అందరూ మరిచిపోతారు. గ్రీటింగ్‌లు వారం ముందే రికార్డు చేయించండి. ఆఫీసులవారీగా మార్చండి, మూడూ ఒకే రాత్రి వద్దు. పాత పెట్టెని నెల రోజులు వేరే నంబర్ మీద బతికించి ఉంచండి, పాత మెసేజ్‌లు వినాలనుకునేవాళ్ల కోసం.

రిసెప్షన్_టేబుల్ · సోమవారం, సాయంత్రం 5:05

ఆ పాత పెట్టె ఆపేముందు అందులోని ఉమ్మడి మెయిల్‌బాక్సులు ఎవరైనా వినండి. దయచేసి.

తీగలదారి · రెండు నెలల తరవాత, గురువారం, సాయంత్రం 5:50

మూడు ఆఫీసులూ మారాయి. రెండో ఆఫీసులో మొదటి ఉదయం ఆటో అటెండెంట్ గంట వెనక ఉంది, సర్వర్ గడియారం తప్పు టైమ్ జోన్‌లో ఉండిపోయింది. తొమ్మిదింటికి చేసినవాళ్లకి "ఆఫీసు ఇంకా తెరవలేదు" అని వినిపించింది. పది నిమిషాల్లో సరిచేశాం. మిగతావి సాఫీగా జరిగాయి.

14 ఉమ్మడి మెయిల్‌బాక్సుల్లో 6 తీసేశాం, అవి ఎవరికీ అక్కర్లేదని తేలింది. మిగతా 8కి రెండేసి పేర్లున్నాయి.

పాత పెట్టె ఇవాళ ఆపాం. ఆపేముందు మా రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడా నేనూ రెండు మధ్యాహ్నాలు కూర్చుని అందులో ఎవరూ వినని మెసేజ్‌లన్నీ విన్నాం. 61 ఉన్నాయి. చాలావాటికి కాలం చెల్లింది. 9 మందికి మాత్రం ఇంకా జవాబు కావాలనిపించింది. ఆవిడ ఐదుగురికి, నేను నలుగురికి ఫోన్లు చేశాం. ఏడుగురు ఎత్తారు.